దూడ వాటా

నాటు ఆవు దూడ నోరు పెట్టందే పాలు దించదు. దూడ వచ్చి పొదుగును తలతో కుమ్మాలి, చన్నులు చప్పరించాలి, అప్పుడు గాని చేపదు. చేపిన తర్వాత కూడా అన్నీ మన చెంబులోకి రావు. దూడ కోసం కొంత పైకి ఎగబట్టుకుంటుంది. మనం ఎంత లాగినా ఆ కొంత రాదు. సంకర ఆవు అలా కాదు. పొదుగు కడిగి వేళ్లు తగిలిస్తే చాలు, ఉన్నదంతా దించేస్తుంది. దూడ పక్కన ఉందో లేదో కూడా చూడదు. అలాంటి ఆవు కింద మొదటిసారి కూర్చుని ఆఖరి చుక్క దాకా పిండుకున్న రోజు నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది. దాన్ని తలుచుకుంటే ఇప్పుడు నాకు నా మీదే అసహ్యం వేస్తుంది.

మా ఊరు పలాస నుంచి సముద్రం వైపు వచ్చే దారిలో ఉంది. ఇసుక నేల. కొబ్బరి, జీడి, అక్కడక్కడా పనస. పెళ్లయిన కొత్తలో నా భార్య నిమ్మాడ దగ్గరి పల్లె నుంచి ఒక ఎర్రటి పెయ్యను తోలుకొచ్చింది. వాళ్లమ్మ అరణంగా ఇచ్చిన పెయ్య. మా ఇళ్లలో అరణపు ఆవు మీద, దాని సంతానం మీద పెత్తనం ఆడవాళ్లదే. మగవాడు గడ్డి కోస్తాడు, మేతకు తోలతాడు, పేడ ఎత్తుతాడు. ఆవును ఎప్పుడు కట్టించాలి, దేనితో కట్టించాలి, దూడను ఎవరికివ్వాలి అన్నవి మాత్రం ఆమె చెప్పాల్సిన మాటలు. ఆ ఎర్రావు పొట్టిది. కొబ్బరి చెట్ల కింద దొరికిన గడ్డి తిని, ఎండలో నిలబడి, ఏ రోగమూ రాకుండా ఈనుతూ పోయింది. ఇచ్చే పాలు మాత్రం ఇంట్లోకే చాలేవి.

ఆవుతో పాటు నా భార్య ఒక పద్ధతి కూడా తెచ్చింది. మూడు చన్నులు మనవి, ఒకటి దూడది. దూడ తాగే చన్ను మీద చెయ్యి పడకూడదు. చుట్టాలు దిగినా సరే, ఇంట్లో టీకి పాలు లేకపోయినా సరే. ఎందుకని అడిగితే ఆమె దగ్గర పెద్ద కారణమేమీ లేదు. "దానిదది" అనేది, అంతే.

తర్వాత తుపాను వచ్చి మా తోటలో సగం చెట్లు పడిపోయాయి. కొత్త మొక్కలు కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది. ఆ రోజుల్లోనే పలాస ఆసుపత్రిలో నాకు రక్తపరీక్ష చేసి క్రియాటినిన్ పెరిగిందన్నారు. అంటే కిడ్నీలు దెబ్బతింటున్నాయని మా ఊళ్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఎండలో పని తగ్గించమన్నారు. పారపని, చెట్లెక్కడం మానేశాను. నేను చేసిన దానికి ఈ జబ్బును సాకుగా చూపించాలని రాయడం లేదు. మా వీధిలో నాకంటే జబ్బు ముదిరినవాళ్లు ఉన్నారు. వాళ్లెవరూ నేను చేసిన పని చెయ్యలేదు.

ఇంటికి పాల మీద రాబడి కావలసి వచ్చింది. ఎర్రావు మనవరాలికి జెర్సీ విత్తనం సూది వేయించమని చెప్పింది నా భార్యే. సంకరమంటే ఆమెకు ఏ పట్టింపూ లేదు. పుట్టింది నల్లమొహం పెయ్య. పెరిగి కర్రావు అయింది. మొదటి ఈతలో దానికి పుట్టిన పెయ్యను, పాలు మరిచాక, నా భార్య తన చెల్లెలికి ఇచ్చింది. అప్పటికి పాలు పిండేది తనే. ఎర్రావు ఒక వారంలో ఇచ్చే పాలు కర్రావు ఒకటి రెండు రోజుల్లో ఇచ్చేసేది. నాలుగో చన్ను దూడకు వదిలినా పాలకేంద్రానికి క్యాను నిండుగానే వెళ్లేది.

అది చాలక నా భార్య పలాసలో జీడిపిక్కలు కొట్టే పనికి కుదిరింది. తెల్లవారుతుండగానే ఆటో వచ్చేది, మళ్లీ పొద్దుపోయాకే దింపేది. జీడిపిక్క పెంకులో ఉండే సొన చేతులకు పట్టిందంటే తోలు ఊడొస్తుంది. ఎంత ఆముదం రాసుకున్నా ఆమె వేళ్లు నల్లగానే ఉండేవి. ఆ చేతులతో పొదుగు ముట్టుకుంటే ఆవుకు పుండ్లు లేస్తాయని భయపడింది. పాలు పిండే పని నాకు అప్పగించింది. చెంబు నా చేతికిస్తూ, దూడ చన్ను సంగతి మరోసారి చెప్పింది. నాకు తెలియనిదా అన్నాను.

కర్రావు మళ్లీ ఎదకు వచ్చే రోజులవి. ఒక సాయంత్రం ఆమె వేళ్లకు ఆముదం రాసుకుంటూ, ఈసారి సిన్నాన్న గిత్తతో కట్టిద్దామంది. సిన్నాన్న అంటే మా వీధి చివర ఉండే పెద్దాయన, నాకు వరసకు చిన్నాన్న. మా కొబ్బరి తోటల్లో చెట్ల మధ్య ట్రాక్టరు తిరగదు. అంతరపంట వేసేవాళ్లు ఇప్పటికీ ఆయన ఎడ్లనే పిలుస్తారు. ఆయన దగ్గర పొట్టి నాటు గిత్త ఒకటి ఉండేది. దానికి పుట్టింది మగదైతే తనే తీసుకుని కాడికి అలవాటు చేస్తానని ఆమెకు మాటిచ్చాడట.

నేను నవ్వాను. ముందుకు వచ్చిన ఆవును మళ్లీ వెనక్కి తోలుతావా అన్నాను. నాటు గిత్తకు కడితే పుట్టే పెయ్యకు పాలు సగమవుతాయన్నాను. ఫోనులో చూసిన వీడియోల సంగతులన్నీ ఏకరువు పెట్టాను. ఆమె అంతా విని ఒకే ప్రశ్న వేసింది.

"సంకరం సూదికి మగది పుడితేనో? మూపురం రాదు. కాడి ఎక్కడ నిలుత్తాది? ఎవుడు తీసుకుంతాడు దాన్ని? సంతకి తోలీడమే గదా."

"మగది పుట్టదే. ఆడదూడలే పుట్టే సూది వచ్చిందిప్పుడు."

"సూదికి తెలుత్తాదేటి మావా, ఆడేదో మగేదో?" అని ఆమె నవ్వింది.

విత్తనంలోనే వేరు చేస్తారని, నూటికి నూరు కాకపోయినా దాదాపు అన్నీ పెయ్యలే పుడతాయని చెప్పాను. అది నిజమే. ఆమె కాసేపు ఆలోచించి ఒప్పుకుంది. ఆ సూది అయితేనే వేయించమంది. అది దొరక్కపోతే ఆవును సిన్నాన్న ఇంటికి తోలుకెళ్లమంది. ఆమె పెట్టిన షరతు అదొక్కటే. అర్థం కాకపోవడానికి అందులో ఏమీ లేదు.

ఆవు ఎదకు వచ్చిన రోజు ఆమె పనిలో ఉంది. సూదులేసే అతను మోటారుసైకిలు మీద వచ్చాడు. ఆడదూడల సూది అయిపోయిందని, మళ్లీ ఎదకు తప్పకుండా తెస్తానని, అంతదాకా ఆగమని చెప్పాడు. ఆగితే మూడు వారాలు. మూడు వారాలంటే ఏమీ కాదు. ఆగకపోయినా సిన్నాన్న గిత్త వీధి చివరే ఉంది. కానీ అప్పటికే కర్రావు పాలు తగ్గుతున్నాయి. వెనక వీధిలో ఒకాయన నలుపు తెలుపు మచ్చల ఆవును తెచ్చి, పాలకేంద్రం దగ్గర రెండు క్యాన్లు దించుతూ నా ఒక్క క్యాను వైపు చూసేవాడు. ఆ చూపు నాకు పడేది కాదు. అలాంటి ఆవు విత్తనమే ఉందా అని సూదులేసే అతన్ని అడిగాను. ఉందన్నాడు. అదే వెయ్యమన్నాను.

"మగది పుడితే నన్నడక్కు బావా," అన్నాడతను, చేతికి తొడుగు వేసుకుంటూ.

రాత్రి ఆమె అన్నం తింటూ, ఆ సూదేనా అని అడిగింది. అదే అన్నాను. అబద్ధం చెప్పడానికి అంత చిన్న మాట సరిపోయింది.

నెలలు నిండాక ఆవు ఈనింది. దూడ పెద్దది. మా పొట్టి జాతి కడుపుకు అది ఎక్కువ. సూదులేసే అతనూ నేనూ ఇద్దరం పట్టి లాగాల్సి వచ్చింది. నలుపు, నుదుటి మీద తెల్లమచ్చ, మగది. నా భార్య ఆ పూట పనికి వెళ్లకుండా ఆవు తల దగ్గర కూర్చుంది. దూడను గుడ్డతో తుడుస్తూ నా వైపు చూసింది.

"ఆడదే వత్తాదన్నావు గదా."

ఆ సూదులు కూడా ఒక్కోసారి తప్పుతాయన్నాను. సూదులేసే అతను అక్కడే చేతులు కడుక్కుంటున్నాడు. అతను నా మొహం చూసి, మళ్లీ చేతుల మీద నీళ్లు పోసుకున్నాడు. నా భార్య, పాపం దానిదేం తప్పు అంటూ దూడను తల్లి దగ్గరికి జరిపింది. మూడో రోజున వీధిలో నలుగురికీ జున్ను పంచింది.

ఆమె మళ్లీ పనిలోకి వెళ్లింది. దూడా, ఆవూ, చెంబూ నాకు మిగిలాయి.

మొదట్లో నాలుగో చన్ను వదిలేవాడిని. కొన్నాళ్లకు, దూడ తాగేముందు ఆ చన్ను నుంచి కూడా కొంచెం పిండుకోవడం మొదలుపెట్టాను. ఇది పెద్ద ఆవు దూడ, నాటు దూడలా చిన్న కడుపు కాదు, ఎన్ని పాలు పోసినా దీనికి చాలవు, దీనికి గంజి అలవాటు చెయ్యడమే మేలు అని నాకు నేను చెప్పుకున్నాను. దానికి ఎక్కువ కావాలి కాబట్టి తక్కువ ఇవ్వొచ్చు అన్న లెక్క నా బుర్రలో ఎలా కుదిరిందో నాకిప్పటికీ తెలీదు. తర్వాత ఆ చన్నునూ పూర్తిగా పిండుకున్నాకే దూడను విప్పేవాడిని. అది ఖాళీ పొదుగును కుమ్మి కుమ్మి, నురగ నాకి, నా వైపు తిరిగేది. నౌపడ కల్లుప్పు వేసిన గంజి కుండ ముందు పెట్టేవాడిని. చివరికి విప్పడం కూడా మానేశాను. దూడ కట్టుగొయ్య దగ్గరే, కుండ దాని ముందు. అదే ఎర్రావు అయితే ఇదంతా సాగేది కాదు. దూడను దగ్గరికి రానివ్వకపోతే అది చుక్క పాలు ఇచ్చేది కాదు. కర్రావు ఒక్క పూట కూడా అడ్డం చెప్పలేదు. క్యాను నిండుతోంది. వెనక వీధి ఆయన ఒక రోజు పాలకేంద్రం దగ్గర, ఆవు పాలు బాగానే దించుతోందే అన్నాడు. ఆ మాట పట్టుకుని ఇంటిదాకా నవ్వుకుంటూ వచ్చాను.

మనసులో అసలు సంగతి నాకు తెలుసు. మగదూడ పెరిగినా దేనికీ పనికిరాదు. బతికితే మేత దండగ. సంతకు తోలితే నా భార్య ఊరుకోదు. దానంతట అది పోతే ఎవరి మీదా నింద ఉండదు. ఈ మాటను నేను పైకి అనలేదు, లోపల కూడా ఇంత స్పష్టంగా అనుకోలేదు. అనుకోకుండానే చేస్తూ పోయాను. చుట్టుపక్కల సంకర ఆవులున్న ఇళ్లలో మగదూడలు ఎందుకు నిలవవో అప్పుడు అర్థమైంది. ఎవరూ చంపరు. వాటా ఆపేస్తారు.

ఆదివారం నా భార్య ఇంట్లో ఉంటుంది. ఆ రోజు నాలుగో చన్ను ముట్టుకునేవాడిని కాదు. మూడు చన్నులు పిండి, దూడ తాడు నేనే పట్టుకుని పొదుగు దగ్గరికి తెచ్చి, దాని నోరు చన్నుకు అందించేవాడిని. ఆమె బోరింగు దగ్గర బట్టలు ఉతుకుతూ అటునుంచి చూసేది. వారమంతా ఉప్పుగంజితో ఉన్న కడుపులో ఒక్కసారిగా చిక్కటి పాలు పడేవి. సోమవారానికి దూడ పారుకునేది. తోక, కాళ్లు తడితడిగా, ఈగలతో. మంగళవారం నిలబడలేకపోయేది. మళ్లీ శనివారానికి కొంచెం తేరుకునేది. మళ్లీ ఆదివారం వచ్చేది. ఆకలి కంటే కూడా దాన్ని ఎక్కువ కుంగదీసింది ఆమె చూడాలని నేను తాగించిన ఆ ఒక పూట పాలేనని నాకు అప్పుడు తెలీదు. తెలిసినా మానేవాడినో లేదో చెప్పలేను.

దూడ బొచ్చు నిక్కబొడుచుకుంది. పొట్ట ఉబ్బి, వెన్ను తేలింది. గోడ సున్నం నాకేది, కొబ్బరి పీచు నమిలేది. నా భార్య రాత్రుళ్లు దాని దగ్గర కూర్చుని ఒళ్లు రాసేది.

"తాగినా పారుకుంతాది, పాపం. ఏటి రోగమో," అనేది.

సూదులేసే అతన్ని పిలిపించింది. అతను కడుపులో పురుగులకు మందు ఇచ్చి, దూడకు పాలు చాలుతున్నాయా అని అడిగాడు. ఆమె జవాబుగా, ఒక చన్ను పూర్తిగా వదులుతున్నామని చెప్పింది. వదులుతున్నామంది. ఆ మాటలో నన్నూ కలుపుకుంది. నేను గుమ్మంలో నిలబడి విన్నాను. అప్పుడైనా నోరు తెరవాల్సింది.

తర్వాత కొద్ది రోజులకే ఒక వారం మధ్యలో పలాసలో యంత్రం చెడిపోయి, ఆడవాళ్లను పొద్దున్నే వెనక్కి పంపేశారు. నేను అప్పుడే పొదుగు కడుగుతున్నాను. నా భార్య ఆటో దిగి, చెప్పులు విప్పి నేరుగా కొట్టంలోకి వచ్చింది. ఇవాళ దూడను నేను తాగిస్తానంటూ తాడు విప్పింది. పట్టుకోలేదు, వదిలేసింది. ఏ దూడైనా విప్పగానే తల్లి పొట్ట కిందికి దూరుతుందని అనుకుంటాం కదా. ఆమె కూడా అందుకే వదిలింది.

దూడ తల్లి పక్కనుంచే నడిచింది. పొదుగు దాని మూతికి జానెడు దూరంలో ఉంది. నిండుగా ఉంది, ఒక చన్ను నుంచి పాలు కారుతున్నాయి కూడా. అది అటు తల తిప్పలేదు. కాళ్లు తడబడుతూ వెళ్లి, మూలన ఉన్న గంజి కుండ ముందు నిలబడింది. కుండ ఖాళీ. దాని అంచు నాకుతూ నిలబడి, తర్వాత నా వైపు చూసింది.

నా భార్య వంగి ఆ కుండలోకి చూసింది. ఆవు నెమరు వేస్తోంది. నా చేతిలో చెంబు ఉంది.

"తల్లికాడికి ఎల్లడం మర్సిపోనాది," అంది.

నేను ఆవు వైపు తిరిగాను.

"ఆదివారాలు తాడట్టుకొచ్చి తాగించింది ఇందుకేటి?"

ఆమె నా చేతిలో చెంబు తీసి గట్టు మీద పెట్టింది. కోపంగా లాక్కోలేదు. ఇంట్లో పిల్లల చేతిలోంచి కత్తి తీసి పక్కన పెడతామే, అలా తీసింది. అరిచి ఉంటే బాగుండేదని ఆ రోజంతా అనుకున్నాను. అరిస్తే నేను కూడా అరిచేవాడిని. జబ్బు గురించి, రాబడి గురించి, మగదూడలు ఎవరింట్లో నిలుస్తున్నాయో చూడు అని. దేనికీ అవకాశం ఇవ్వలేదు.

అప్పటినుంచి దూడ బతుకుతుందా లేదా అన్నదొక్కటే మా ఇంట్లో సంగతి. ఆమె పిక్కలు కొట్టే పని మానేసి, సొన అంటని పొట్టు తీసే పనికి మార్పించుకుంది. అది కూడా దూడ నిలబడ్డాకే వస్తానని చెప్పింది. దూడకు ఒక్కసారిగా పాలు పెట్టలేదు. వేలు పాలల్లో ముంచి నోట్లో పెట్టి చప్పరించడం నేర్పింది. ఆ వేలిని మెల్లగా పొదుగు దగ్గరికి తెచ్చి, వేలి స్థానంలో చన్ను అందించింది. మొదట్లో అది చన్ను వదిలేసి వేలి కోసం వెతుక్కునేది. రోజుకు నాలుగైదు సార్లు, ప్రతిసారీ కొంచెం కొంచెం. నాకు గడ్డి కోసే పని, నీళ్లు తెచ్చే పని చెప్పింది. మామూలు గొంతుతోనే చెప్పింది. నా కళ్లలోకి మాత్రం చూడలేదు.

పాలకేంద్రానికి అడుగంటిన క్యాను పట్టుకెళ్లేవాడిని. కేంద్రం కుర్రాడు మూత తీసి చూసి, ఆవు అప్పుడే ఎండిపోయిందా అని అడిగాడు. దూడ తాగుతోందని చెప్పాను.

"గిత్తదూడకేటన్నా ఇన్ని పాలు? అల్లుణ్ణి సేసుకుంతావేటి?" అన్నాడు. వరసలో ఉన్నవాళ్లంతా నవ్వారు. వెనక వీధి ఆయన కూడా నవ్వాడు. కొన్ని వారాల ముందైతే ఆ నవ్వుకు నేను కుమిలిపోయేవాడిని. ఆ రోజు నాకు ఆ నవ్వు కొంత ఊరటగా అనిపించింది. నేను చేసింది వాళ్లకు తెలిస్తే నవ్వరు, అదేం పెద్ద తప్పు అంటారు. ఆ మాట వినే ధైర్యం నాకు లేదు.

దూడ బతికింది. పారుడు కట్టింది, బొచ్చు మెరుపు తిరిగింది. కాని పొట్టిగానే మిగిలిపోయింది. ఆ జాతి విత్తనానికి ఉండాల్సిన ఎత్తు దానికి ఎప్పటికీ రాదని సూదులేసే అతను చెప్పాడు. ఇంకొక సంగతి జరిగింది. ఆమె అంత కష్టపడి తల్లి పాలు అలవాటు చేసినా, అది నన్ను వదల్లేదు. నా అడుగుల చప్పుడు వినిపిస్తే చెవులు నిక్కించేది. విప్పితే నా వెనకే వచ్చేది, లుంగీ అంచు చప్పరించేది. వారాల తరబడి కుండ పట్టుకొచ్చింది నేనే కదా. దాని కంటికి కడుపు నింపినవాడిని నేనే. వీధిలో వాళ్లు నీ కొడుకు వస్తున్నాడని ఆటపట్టించేవారు. దూడ నా చెయ్యి నాకుతుంటే నా భార్య ఒకసారి చూసి, మొహం తిప్పుకుని లోపలికి వెళ్లింది. తిట్టిన తిట్లు కొన్నాళ్లకు మాసిపోతాయి. ఏమీ తెలియని జంతువు చూపించే ఆ ప్రేమను భరించడం అంతకంటే కష్టం. నేను ఆకలితో మాడ్చానని దానికి చెప్పే భాష లేదు.

ఆ గిత్త ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది. పశువులు కొనేవాళ్లు వ్యాను ఆపి అడుగుతుంటారు. లేదని చెబుతాను. మేత దండగే. ఆ దండగ నేను చేసిన నిర్ణయానిది, దానిది కాదు.

సంకర ఆవులను తిట్టడానికి ఇది రాయడం లేదు. మా తోట పడిపోయాక మా పొయ్యి వెలిగించింది కర్రావే. నాటు ఆవును ఆకాశానికి ఎత్తేవాళ్ల మాటలు విన్నప్పుడల్లా, దాని పాలతో వాళ్లు ఒక నెల సంసారం నడిపితే బాగుండుననిపిస్తుంది. నాకు తెలిసింది ఒకటే. నాటు ఆవు తన దూడ వాటా తనే కాపాడుకుంటుంది, మనం మంచివాళ్లం కాకపోయినా ఆ దూడ బతుకుతుంది. సంకర ఆవు ఆ పనిని మన చేతిలో పెడుతుంది. పాలు ఎక్కువ ఇచ్చే ఆవును ఎంచుకున్నప్పుడు ఆ పనిని కూడా ఎంచుకున్నట్టే. నేను పాలను మాత్రమే ఎంచుకున్నాను.

దూడ కోలుకున్న కొన్ని వారాలకు కర్రావు మళ్లీ ఎదకు వచ్చింది. అది ఆదివారం, ఆమె ఇంట్లోనే ఉంది. ఆవు అరుస్తూ కట్టు చుట్టూ తిరుగుతోంది. ఆమె కొట్టంలోకి వచ్చి, ఆ సంగతి జరిగిన తర్వాత మొదటిసారి నా సలహా అడిగింది.

"ఈపాలి ఏటి సేద్దాం? ఆడదూడల సూదే మళ్లీ వేయిత్తావా? ఓపాలి తప్పినాదని రెండోపాలి కూడా తప్పుద్దేటి?"

ఆమె ఇంకా ఆ సూది తప్పిందనే అనుకుంటోంది. గంజి సంగతి తెలిసింది గాని సూది సంగతి తెలియదు. ఔనని తల ఊపితే చాలు. ఈసారి నిజంగానే ఆ సూది వేయించొచ్చు, పెయ్య పుడుతుంది, పాత అబద్ధం దాని కింద కప్పబడిపోతుంది. ఆ ఆలోచన నాకు వచ్చింది. రాలేదని రాస్తే అది ఇంకో అబద్ధమవుతుంది.

"పోయినపాలి వేయించింది ఆ సూది కాదు," అన్నాను.

ఆమె ఆవు మెడ మీద చెయ్యి వేసి అలాగే నిలబడింది.

సూది దొరకలేదని, మూడు వారాలు ఆగమన్నారని, నేను ఆగలేదని చెప్పాను. వెనక వీధి ఆయన క్యాన్ల గురించి కూడా చెప్పాను. చెబుతుంటే అదెంత చిన్న కారణమో నాకే వినిపించింది. ఆమె మధ్యలో ఆపలేదు. అంతా అయ్యాక, చాలా మెల్లగా అంది.

"సూది నేదని ఆ రోజు సెప్పుంటే నాను ఆగుదును గదా మావా. మూడు వారాలు ఆగడం నాకు కట్టమేటి? నువ్వు సెప్పనందుకు అది పుట్టినాది. పుట్టినందుకు దాన్ని మాడ్సినావు."

ఆ రెండు ముక్కలను అలా ఒకదాని పక్కన ఒకటి నేనెప్పుడూ పెట్టుకోలేదు. వాటిని వేరువేరు తప్పులుగా మోస్తూ వచ్చాను. ఒకటి తొందర, రెండోది పిసినారితనం అనుకున్నాను. నేను మాట తప్పిన పాపానికి శిక్ష దూడకు వేశానని ఆమె నోట వినేదాకా తెలియలేదు.

ఆమె కట్టు విప్పింది. సిన్నాన్న ఇంటికి తోలుకెళ్తున్నానంది. నేనూ వస్తానన్నాను. వద్దంది. ఎండగా ఉంది, నీకు మంచిది కాదంది. జబ్బు సంగతి గుర్తుపెట్టుకుని అన్న మాటా, నన్ను దూరం పెట్టడానికి అన్న మాటా తేల్చుకోలేకపోయాను. రెండూ అయి ఉండొచ్చు. ఆవును తోలుకుని వీధిలోకి వెళ్లిపోయింది. దూడ అరిచింది. దాన్ని కట్టి ఉంచి, దాని పక్కనే నీడలో కూర్చున్నాను.

మధ్యాహ్నం దాటాక ఆవుతో తిరిగి వచ్చింది. మొహం ఎండకు కమిలిపోయి ఉంది. సిన్నాన్న ఏమన్నాడని అడిగితే, మగదైనా ఆడదైనా దూడ నిలబడేదాకా తల్లి పాలు తాగించమన్నాడని చెప్పింది. ఆయనకు ఎవరు ఏం చెప్పారో నేను అడగలేదు. ఆవు తాడు నా చేతికిచ్చింది, కట్టెయ్యమంది. కట్టాను, కుడితి పెట్టాను, ఒళ్లు తుడిచాను.

సాయంత్రం పాల వేళ అయింది. నేను పొదుగు కడగడానికి నీళ్లు తెచ్చాను. ఆమె నీళ్లు తీసుకుని, వేళ్ల మీద మిగిలిన నల్లటి మరకలను ఒకసారి వెలుతురులో చూసుకుని, ఆవు కింద కూర్చుంది. నన్ను దూడను విప్పమంది. విప్పాను. చెంబు మాత్రం ఆమె దగ్గరే ఉంది. ఇవాళ్టికీ ఆమె దగ్గరే ఉంది.